రెండోసారి అడిగితే

తిరుపతి,
12 ఆగస్టు 1983.

పంకజా,

పేరు ముందు ఏం రాయాలో తెలియక ఉత్త పేరే రాశాను. ఇదివరకు ఎగతాళికి 'లక్ష్మీ సౌభాగ్యవతి పంకజాక్షి టీచరమ్మ గారికి' అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి కలం అక్కడే ఆగిపోయింది. రెండు కాగితాలు చించేసి ఇది మూడోది.

మీ ఆయన పదకొండో రోజుకి వచ్చానే గాని నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. నువ్వు గోడకు ఆనుకుని కూచుని, వచ్చినవాళ్ళందరినీ 'భోంచేసినారా?' అని అడుగుతున్నావు. నువ్వు ఏడిస్తే పట్టుకుని నేనూ ఏడ్చేదాన్ని. నువ్వు ఏడవలేదు. నాకు భయమేసింది, అందుకే సాయంత్రం బస్సుకే వచ్చేశాను.

నా సంగతి చెప్తాను. మనిద్దరం టీచర్ ట్రైనింగ్ ముగించి ఎనిమిదేళ్ళయ్యాక నాకు మళ్ళీ చదువు పిచ్చి పట్టింది. ఎం.ఎడ్.లో చేరాను. పిల్లలు ఎలా ఆలోచిస్తారు, ఎలా నేర్చుకుంటారు అనేదాని మీద మూడు సిద్ధాంతాలను పోల్చి థీసిస్ రాయాలి. ఆ దొరల పేర్లు మా నాన్నకు నోరు తిరగక వేరే పేర్లు పెట్టేశాడు. ఒకరు స్విస్ తాత. పిల్లలంటే పొట్టి పెద్దవాళ్ళు కాదు, వాళ్ళ ఆలోచనే వేరు, మెట్టు మెట్టుగా మారుతుంది, ఒక మెట్టు ఎక్కకుండా ఇంకో మెట్టు అందదు అంటాడు. రెండో ఆయన అమెరికా ఆయన, పావురాల దొర. పావురాలకు గింజలు వేసి ఆటలు నేర్పాడు. లోపల ఏముందో మనకెందుకు, మెచ్చుకున్న పని మళ్ళీ చేస్తారు, పట్టించుకోని పని మానేస్తారు అంటాడు. మూడో ఆయన రష్యావాడు. ఆయన పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉంది, దాన్ని ఎవరో తీసుకుపోయి ఇంకా తేలేదు.

మీ వకుళకు ఆరేళ్ళు. నాకు సరిగ్గా కావలసిన వయసు. ఇలాంటప్పుడు అడగడానికి సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి పంపు. నీకూ ఏదో ఒక పని ఉన్నట్టుంటుంది. పేరు పెట్టింది నేనే కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది.

ఇంకొకటి. వాళ్ళ నాయన సంగతి దానికి చెప్పావా?

నీ కుముద.


బంగారుపాళ్యం,
3 సెప్టెంబరు 1983.

కుముదా,

ఉత్తరం అందింది. మేము బాగున్నాం.

చెప్పలేదు. ఆయనను ఇంటికి తెచ్చినప్పుడు వకుళ పక్కింటి మునెమ్మ దగ్గర ఉంది. 'నాయన యాడ?' అని అడిగిందట. మునెమ్మకు ఏం తోచక 'నాయన కొండకి పోయినాడమ్మా, సామిని సూసేదానికి' అనేసింది. మూడు రోజులు అక్కడే ఉంచుకుంది. తర్వాత అడిగితే మా అత్త అదే అంది. తర్వాత నేనూ అదే అన్నాను. అనడం సులువు. కొండకి పోవడం అనేది మన వైపు ప్రతి ఇంట్లో ఉండే మాట. పోయినవాళ్ళు గుండుతో, లడ్డుతో తిరిగి వస్తారని ఆ పిల్లకు తెలుసు. అది ఎన్ని రోజులకు సరిపోతుందో మేమెవరం ఆలోచించలేదు.

రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు వచ్చి అడుగుతుంది. 'నాయన యాడ?' 'కొండకి పోయినాడు.' కాసేపు నా మొహం చూసి వెళ్ళిపోతుంది. మరుసటి రోజు మళ్ళీ అదే మాట. ఏడవదు. ఆయన ఎప్పుడొస్తాడని మాత్రం ఇంతవరకు అడగలేదు.

ఆయన మోపెడ్‌ను పోలీసులు ఇచ్చేశారు. చిన్నబ్బ మామ ఎద్దులబండి మీద వేసుకొచ్చి దొడ్లో దించాడు. లారీ తగిలింది ముందు చక్రానికి. దాని మీద గోనెపట్టా కప్పాను.

నీకు పనికొస్తుందో లేదో, వకుళ ఎండిన మామిడి టెంకలను వరసగా పెట్టి బడి ఆట ఆడుతుంది. టెంకలు పిల్లలు, తను టీచరు. గంటలకొద్దీ తనలో తనే మాట్లాడుకుంటుంది.

నేను బడికి పోతున్నాను, వస్తున్నాను. నాకు ఏమీ అనిపించడం లేదు కుముదా. మొన్న అన్నం వారుస్తుంటే గంజి చేతి మీద పడింది. బొబ్బ లేచిన తర్వాత చూసుకున్నాను.

పంకజ.


తిరుపతి,
24 సెప్టెంబరు 1983.

పంకజా,

చేతికి ఏం రాశావు? బర్నాలు ఉందా ఇంట్లో? జవాబులో ముందు అది రాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. స్నేహితురాలిగా రెండుసార్లు, థీసిస్ కోసం రెండుసార్లు. నన్ను తిట్టుకో, పర్వాలేదు.

వకుళ రోజూ ఒకే ప్రశ్న అడగడం గురించి. స్విస్ తాత లెక్కన చూస్తే ఈ వయసు పిల్లకు చావంటే ఇక తిరిగి రాకపోవడం అని బోధపడదు. ఊరికి పోవడం, నిద్రపోవడం, చనిపోవడం అన్నీ ఒక తీరుగానే ఉంటాయి. చెప్పినా రేపటికి నిలవదు, మళ్ళీ అడుగుతుంది. కాబట్టి చెప్పలేదని నువ్వు బాధపడకు. ఇంకో ఏడాది పోతే మెట్టు ఎక్కుతుంది, అప్పుడు చెబుదువు.

పావురాల దొర లెక్కన అయితే ఇంకా తేలిక. అడిగిన ప్రతిసారీ జవాబనే గింజ దొరుకుతోంది, అందుకే అడుగుతోంది. గింజ ఆపు. నాలుగు రోజులు ఎక్కువగానే పొడుస్తుంది, ఆ తర్వాత మానేస్తుంది.

దసరా సెలవులకు వస్తాను. స్విస్ తాత నీళ్ళ పరీక్ష ఒకటుంది, వకుళకు పెట్టాలి. రెండు ఒకే రకం గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి చూపించి, ఒకదాన్ని పొడుగాటి గ్లాసులోకి ఒంపి అడగడమే. చిన్నపిల్లలు పొడుగుదాంట్లో ఎక్కువున్నాయంటారు. కాస్త పెద్దయ్యాక అవే నీళ్ళు కదా అంటారు. మా ఇంటి పొడుగు గ్లాసు చీరలో చుట్టి తెస్తాను, మీ అత్తకు మాత్రం నాకు చదువెక్కువై మతి పోయిందని చెప్పకు.

నీ కుముద.


బంగారుపాళ్యం,
30 అక్టోబరు 1983.

కుముదా,

నీ పొడుగు గ్లాసు ఇక్కడే మరిచిపోయావు. పగలకుండా అటక మీద పెట్టాను.

నువ్వున్న నాలుగు రోజులూ ఒకటి చెప్పలేదు. నువ్వు రాకముందే నీ పావురాల దొర మాట విని చూశాను. జవాబు చెప్పడం మానేశాను. వకుళ అడిగేది, నిలబడి చూసేది, మళ్ళీ అడిగేది. ఎనిమిది రోజులు అలాగే జరిగింది. తొమ్మిదో రోజు చెంప మీద కొట్టాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లను కొట్టలేదు నేను. అది ఏడవలేదు. పోయి టెంకల ముందు కూచుని ఏదో గొణుక్కుంది. మరుసటి సాయంత్రం మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం దూరంగా నిలబడి అడిగింది. 'కొండకి పోయినాడు' అన్నాను. అప్పటినుంచి అదే అంటున్నాను.

ఇక నీళ్ళ పరీక్ష. వకుళ తప్పిందని నోటుబుక్కులో రాసుకున్నావు. నేను అప్పుడు ఏమీ అనలేదు. ఏదైనా అనడానికి నాకు రెండు మూడు రోజులు పడుతోంది ఈ మధ్య. నువ్వు నీళ్ళు ఒంపక ముందు ఒకసారి అడిగావు, 'రెండిట్లోనూ ఒకటేనా?' అని. అది 'ఒకటే' అంది. ఒంపిన తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడిగావు. అప్పుడు పొడుగుదాంట్లో ఎక్కువుందని చెప్పింది.

మొన్న నేను పెట్టాను. ముందు అడగలేదు. ఒంపిన తర్వాత ఒక్కసారే అడిగాను. 'అవే నీళ్ళు గదమ్మా' అంది.

'మరి పిన్నమ్మకు ఎందుకట్ల చెప్పినావు?'

'పిన్నమ్మ మళ్ళీ అడిగింది గదా.'

దానిది తప్పు కాదు, నాది. వకుళ కూడా నా ఒకటో తరగతిలోనే కూచుంటుంది. నా క్లాసులో 'తప్పు' అనే మాట ఉండదు. ఆ మాట వింటే పిల్లలు మళ్ళీ నోరు తెరవరు. జవాబు సరిగా లేకపోతే ఆ ప్రశ్నే మళ్ళీ అడుగుతాను. సరైన జవాబు వచ్చిందాకా అడుగుతాను. వస్తే 'ఊఁ, కూచో' అంటాను. అంతే. రెండోసారి అడిగితే మొదట చెప్పింది కాదని నా పిల్లలందరికీ తెలుసు. నీ స్విస్ తాతకు తెలియదు, ఆయన మా బడికి రాలేదు కదా.

చెయ్యి మానింది.

పంకజ.


తిరుపతి,
9 నవంబరు 1983.

పంకజా,

నీ ఉత్తరం చదివి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీళ్ళ పరీక్ష పేజీ తీసేశాను. పావురాల దొర సలహా ఇచ్చినందుకు ఆ చెంపదెబ్బ నాకు తగలాల్సింది. పుస్తకంలో చదివింది పుస్తకంలోనే ఉంచకుండా నీ ఇంటి మీదికి తెచ్చాను.

నువ్వొకటి దాచి చెప్పావు కాబట్టి నేను దాచింది కూడా చెప్తాను. నేను బయలుదేరే రోజు పొద్దున వకుళ నా దగ్గరికొచ్చి, 'పిన్నమ్మా, కొండకు పోయే బస్సు మీ వీధిలోనే గదా పోతాది. నాయనను సూసినావా?' అని అడిగింది. 'జనం ఎక్కువమ్మా, కనపళ్ళేదు' అన్నాను. మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పాను. అప్పుడు అది నా చీర కుచ్చిళ్ళు సర్ది, 'సరేలే పిన్నమ్మా' అంది. సుఖంగా ఉన్నదాన్ని, చదువుకున్నదాన్ని, ఆరేళ్ళ పిల్లకు నిజం చెప్పలేకపోయాను. ఇక నీకు చెప్పమని ఏ మొహంతో చెప్పేది?

రష్యా ఆయన పుస్తకం చివరికి దొరికింది. ఈయన మాటలు మిగతా ఇద్దరికంటే నాకు దగ్గరగా ఉన్నాయి. పిల్ల ఒంటరిగా బుర్ర గోక్కుని నేర్చుకోదట. ముందు పెద్దవాళ్ళతో కలిసి మాటల్లో నేర్చుకుంటుంది, ఆ మాటలే తర్వాత లోపలికి పోయి దాని ఆలోచన అవుతాయి. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవడాన్ని స్విస్ తాత వయసు పెరిగితే పోయే అలవాటు అంటే, ఈయన అది పోదు, లోపలికి దిగి ఆలోచనగా మారుతుందంటాడు. ఈ రోజు చెయ్యి పట్టుకుని చేసిందే రేపు ఒంటరిగా చేస్తారు. అది చదివినప్పటినుంచీ నన్ను ఒకటే పీకుతోంది. వకుళకు ఈ సంగతిలో చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఎవరున్నారు? దీని గురించి అది టెంకలతో తప్ప ఎవరితో మాట్లాడుతోంది?

చెప్పెయ్ పంకజా. వచ్చే జూన్‌లో సంవత్సరీకానికి చుట్టాలంతా వస్తారు, ఎవరో ఒకరు దాని ముందే అనేస్తారు. అది వాళ్ళ నోట వినకూడదు.

నీ కుముద.


తిరుపతి,
2 ఫిబ్రవరి 1984.

పంకజా,

మూడు నెలలయింది నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. రెండు కార్డులు రాశాను, అందాయా? మొన్న చిత్తూరు నుంచి వచ్చిన ఆదిమూలం సార్ మీ బడికి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చాడట, 'ఆ టీచరమ్మ పాఠం బ్రహ్మాండం, మనిషే బొమ్మలాగుంది' అన్నాడు. నాకు ఆ రోజు భోజనం సయించలేదు.

మార్చి నెలాఖరుకు థీసిస్ ఇచ్చెయ్యాలి. వకుళ పేరు రాయకుండా ఒక వాక్యం మాత్రం ఉంచాను: 'ఆరేళ్ళ ఒక బాలిక తన తండ్రి లేడన్న సంగతి గ్రహించలేక ప్రతిరోజూ ఒకే ప్రశ్న అడుగుతూ ఉన్నది.' నీకు ఇష్టం లేకపోతే తీసేస్తాను. అది రాయడానికైనా ఒక కార్డు వెయ్యి.

నీ కుముద.


బంగారుపాళ్యం,
11 మార్చి 1984.

కుముదా,

కార్డులు రెండూ అందాయి. పెట్టెలో పెట్టాను. చదివితే జవాబు రాయాలి, జవాబు రాస్తే చెప్పలేదని రాయాలి, అందుకని చదవలేదు. నిన్న నీ ఉత్తరంతో కలిపి మూడూ చదివాను.

నీ థీసిస్‌లో ఆ వాక్యం కొట్టెయ్. అది నిజం కాదు. ఎందుకో రాస్తాను.

శుక్రవారం లెక్కల క్లాసు. సంతోషమ్మ అని ఒక పిల్ల, వాళ్ళమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. లేపి అడిగాను. 'ఎనిమిదిలోంచి మూడు పోతే ఎంత?' 'నాలుగు' అంది. 'ఎనిమిదిలోంచి మూడు పోతే ఎంత?' 'ఆరు' అంది. మళ్ళీ అడిగాను. ఆ పిల్ల వేళ్ళు చూసుకుంటోంది, నేను దాని మొహం చూస్తూ నిలబడ్డాను. ఎందుకో తలెత్తితే మూడో వరసలో వకుళ నన్నే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, నాతో పాటు అదే ప్రశ్న తనూ అడుగుతోంది. నేను చూసినట్టే సంతోషమ్మను చూస్తోంది. కోపం లేదు, తొందర లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ సాయంత్రం నా ముందు నిలబడి నన్ను చూసే చూపు అది.

చాక్‌పీసు కింద పడింది. సంతోషమ్మ 'అయిదు టీచర్' అంది. కూచోమనడం మరిచిపోయాను, పాపం గంట కొట్టిందాకా నిలబడే ఉంది.

తొమ్మిది నెలలు కుముదా. ఆ పిల్ల రోజూ అడుగుతుంటే దానికి అర్థం కావడం లేదనుకున్నాం. నువ్వు ముగ్గురు దొరలను అడిగావు, నేను ఏమీ అడగలేదు. దానికి జవాబు తెలుసు. తెలిసే అడుగుతోంది. నేను చెప్పింది తప్పని నాతో అనకుండా, నేను సంతోషమ్మతో అననట్టే, సరైనది నా నోటి నుంచి వచ్చిందాకా అడుగుతోంది. నిన్ను కూడా అడిగింది, రెండుసార్లు. నీకు రాదని వదిలేసింది. నన్ను మాత్రం వదలలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి వచ్చింది. ఆ చెంపదెబ్బ తిన్న రోజు నుంచి ఎక్కడ నిలబడుతుందో అక్కడే, మూరెడు దూరంలో నిలబడింది.

'నాయన యాడ?'

కొండ అనే మాట నాలిక చివర ఉంది. దాన్ని మింగేశాను. 'పోయినాడు' అన్నాను. ఎంత తెలివి చూడు నాది. ఒక్క మాట తీసేస్తే నిజమే అయింది, అయినా ఊరికి పోయినవాడికీ ఆ మాటే సరిపోతుంది. అది కాసేపు చూసింది.

'నాయన యాడ?'

నేను నిలబడే ఉన్నాను. గూట్లో దీపం, దాని పక్కన ఆయన కళ్ళద్దాల పెట్టె.

'నాయన చచ్చిపోయినాడు వకుళా. లారీ గుద్దింది. ఇంక రాడు.'

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. మా అత్తతో అనలేదు, నీతో అనలేదు, నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ లేదు. కావాలంటే తీసి చూసుకో.

వకుళ ఏడవలేదు. 'కొండకి బస్సులో గదా పోతారు' అంది. 'బండి ఎందుకు ఇరిగింది మరి?' అంది. చిన్నబ్బ మామ ఎద్దులబండి మీద మోపెడ్‌ను తెచ్చిన రోజు మునెమ్మ ఇంటి కిటికీలో నుంచి చూసిందట. దొడ్లోకి పోయి గోనెపట్టా ఎత్తి చూసిందట కూడా. ఆ రోజు నుంచే తెలుసు దానికి. అమ్మకు తెలియదేమోనని మొదట అనుకుందట. తర్వాత, తెలిసీ చెప్పలేకపోతోందని అనుకుందట. 'నేనే చెప్తే నీకు రాదు గదా' అంది. జవాబు పక్కవాళ్ళు అందిస్తే నేర్చుకున్నట్టు కాదని నేనే చెప్తుంటాను క్లాసులో.

దగ్గరికి వచ్చింది. ఆ మూరెడు దూరం దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

'ఊఁ, కూచో' అంది.

కూచున్నాను. కూచున్న తర్వాత ఏడుపొచ్చింది.

పంకజ.